పట్టినంతా మోయదు!

సంక్రాంతి వెళ్లిన మర్నాడో ఆ మరుసటి రోజో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కాసేపు నిలబడండి. విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ తిరిగొచ్చే కార్లు బారులు తీరి ఉంటాయి. వాటిని పక్క నుంచి గమనించండి. చాలా బండ్లు ముక్కు పైకెత్తి, వెనక భాగం కుంగిపోయి కనిపిస్తాయి. వెనక చక్రానికీ దాని మీది రేకు అంచుకీ మధ్య మామూలుగా నాలుగు వేళ్లు దూరే సందులో ఒక్క వేలు కూడా పట్టదు. వెనక అద్దంలోంచి చూస్తే సంచుల మీద సంచులు, వాటి మీద దుప్పటి, దాని మీద అరిసెల డబ్బా. లోపల ఐదుగురు, ఒకరి ఒళ్లో పిల్లాడు. గేటు దాటగానే ఆ కారు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

ఊరి నుంచి పిల్లల్ని ఉత్త చేతులతో పంపే తల్లిదండ్రులు మనకి ఉండరు. కొత్త బియ్యం, కందిపప్పు, బెల్లం, కొబ్బరికాయలు, పచ్చళ్లు, పెరట్లో కాసిన గుమ్మడికాయ... బండి కదిలేదాకా ఏదో ఒకటి వచ్చి డిక్కీలో చేరుతూనే ఉంటుంది. "ఇంకా చోటుంది కదరా, ఈ బస్తా కూడా పెట్టు" అంటారు నాన్న. చోటున్న మాట నిజమే. ఆ చోట్లో ఎంత బరువు పెట్టొచ్చని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చెప్పగలిగేవాళ్లు ఆ వాకిట్లో ఉండరు. నిజానికి అది చిన్న తీసివేత లెక్క. కారున్న ప్రతి ఇల్లూ తన బండికి ఆ లెక్క ఒక్కసారి కట్టుకుని, ఆ అంకెను గుర్తుంచుకుని తీరాలి.

లీటర్లు చెబుతారు, కిలోలు చెప్పరు

షోరూమ్‌లో డిక్కీ గురించి అడిగితే లీటర్లలో చెబుతారు. వ్యాగన్ఆర్‌కి 341, 2017లో వచ్చిన డిజైర్‌కి 378, హోండా సిటీకి 506. ఆ అంకెలు ఎలా వస్తాయంటే, 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మెల్ని డిక్కీలో పేర్చుకుంటూ పోతారు. ఒక్కో దిమ్మె సరిగ్గా ఒక లీటరు. ఎన్ని దిమ్మెలు పడితే అన్ని లీటర్లు. అంటే అది చోటుకి కొలత. అందులో ఏం పెడతామన్నది ఆ కొలతకి పట్టదు.

బియ్యాన్నే తీసుకోండి. లీటరు డబ్బాలో సుమారు 800 గ్రాములు పడతాయి. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక మన మార్కెట్లో 26 కిలోల బస్తా మామూలైపోయింది. ఆ బస్తా 33 లీటర్ల చోటు తీసుకుంటుంది. లెక్కప్రకారం డిజైర్ డిక్కీలో పది బస్తాలు సర్దేయొచ్చు. బరువు 260 కిలోలు! సిమెంటు సంగతి ఇంకా దారుణం. 50 కిలోల బస్తా 35 లీటర్లే. ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్సు, గ్రానైటు ముక్కలు, బేగంబజార్ నుంచి సరుకు తెచ్చుకునే చిన్న కిరాణా దుకాణదారులు 15 కిలోల నూనె డబ్బాలు కార్లలో తెచ్చుకోవడం రోజూ చూస్తుంటాం. సగం డిక్కీ కూడా నిండదు. అది చూసి, ఇంకా బోలెడంత ఖాళీ ఉందనుకుంటారు. కారు మాత్రం అప్పటికే తన శక్తికి మించి మోస్తూ ఉంటుంది.

మనుషులు పోగా మిగిలింది

ఇక తీసివేత. దీనికి రెండు అంకెలు కావాలి. మొదటిది కారు ఖాళీ బరువు. ఆర్సీలో 'అన్‌లాడెన్ వెయిట్' అని ఉండేది ఇదే. డ్రైవరు బరువు ఇందులో కలవదు. రెండోది 'గ్రాస్ వెహికల్ వెయిట్'. అంటే మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలుపుకుని ఆ కారు రోడ్డు మీద ఉండదగిన గరిష్ఠ బరువు. కొన్ని ఆర్సీల్లో ఇదీ ఉంటుంది. లేకపోతే కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్లో, చివరి పేజీల్లోని కొలతల పట్టికలో దొరుకుతుంది. గ్లోవ్‌బాక్స్‌లో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉండే ఆ పుస్తకంలో ఈ ఒక్క పేజీ అయినా చదవండి.

పైన చెప్పిన డిజైర్ పెట్రోలు మోడల్ ఖాళీ బరువు దాదాపు 900 కిలోలు. మొత్తం అనుమతి 1,335. తేడా 435 కిలోలు. ఆ కారు మోయగలిగిందంతా ఇంతే. డ్రైవరుతో సహా మనుషులంతా ఇందులోనే. వాళ్లు ఎక్కి కూర్చున్నాక మిగిలిందే డిక్కీ వాటా.

ఒక కుటుంబాన్ని ఎక్కిద్దాం. కారు నడిపే ఆయన 75 కిలోలు, ఆవిడ 65, అత్తగారు 62, మామగారు 70, ఏడో తరగతి చదివే అమ్మాయి 35. మొత్తం 307. మిగిలింది 128. రెండు బియ్యం బస్తాలకి 52, రెండు సూట్‌కేసులకి 30, పప్పులు 10, పచ్చళ్ల జాడీలు 8, పిండివంటలు 8, డజను కొబ్బరికాయలకి 7, బెల్లం 5. కూడితే 120. లోపలే ఉన్నాం, 8 కిలోల ఎడంతో. నాన్న తెచ్చిన మూడో బస్తా పెట్టగానే గీత దాటిపోయాం. ఆ అమ్మాయి స్థానంలో పెద్దవాళ్లు కూర్చుంటే రెండో బస్తాకే ఆ మాట చెప్పాలి.

కంపెనీలు లెక్క కట్టే పద్ధతి తెలిస్తే ఇంకా కళ్లు తెరుచుకుంటాయి. ప్రయాణికుల కార్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఒక మనిషికి 68 కిలోలు, అతని సామానుకి 7 కిలోలు వేసుకుంటుంది. ఏడంటే ఏడే కిలోలు. ఐదుగురు ఎక్కితే సామాను 35 కిలోలన్న మాట. మనం పండక్కి మోసుకొచ్చేది దానికి మూడు, నాలుగింతలు. 

గ్యాసు కార్లున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. సీఎన్‌జీ సిలిండరు డిక్కీలో చోటు తినేస్తుందని అందరూ విసుక్కుంటారు. టాటా కంపెనీ 2023లో ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండరుకు బదులు 30 లీటర్లవి రెండు కింద పెట్టి 210 లీటర్ల చోటు మిగిల్చింది కూడా. చోటు తిరిగి రావచ్చు, బరువు తిరిగి రాదు. కంపెనీ బిగించిన సీఎన్‌జీ వల్ల ఇలాంటి చిన్న కార్ల ఖాళీ బరువు 90, 100 కిలోలు పెరుగుతుంది. వ్యాగన్ఆర్ పెట్రోలు మోడల్‌కీ సీఎన్‌జీ మోడల్‌కీ ఉన్న తేడా అంతే ఉంటుంది. అంటే డిక్కీలో ఎప్పుడూ దిగని ఒక లావుపాటి ప్రయాణికుడు ఉన్నట్టే లెక్క. బయట కిట్టు వేయించుకున్న పాత కారైతే దాని సస్పెన్షన్, బ్రేకులు అవే పాతవి. మొయ్యాల్సింది మాత్రం కొత్తది. అలాంటి బండిలో ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే బియ్యం బస్తా గురించి ఆలోచించడమే అనవసరం.

ఏడు సీట్ల బండి కొంటే ఈ బాధలన్నీ తీరతాయనుకుంటారు. ఎర్టిగాలో మూడో వరస సీట్లు నిలబెట్టి ఉంచితే వెనక మిగిలేది 209 లీటర్లే. మొత్తం మోత దాదాపు 600 కిలోలు. 68 కిలోల చొప్పున ఏడుగురు ఎక్కితే 476. ఇక మిగిలేది 120 చిల్లర, చిన్న సెడాన్‌లో నలుగురు పెద్దవాళ్లూ ఒక పిల్లా కూర్చుంటే మిగిలేదానికి ఇటూ అటూగా అంతే. సీట్లు పెరిగాయి కానీ సామాను వాటా పెరగలేదు. అందుకే చాలామంది పైన క్యారియర్ బిగిస్తారు. దానికీ మాన్యువల్లో వేరే పరిమితి రాసి ఉంటుంది, చాలా కార్లకి 50 నుంచి 75 కిలోల మధ్య. ఆ బరువూ మొత్తం లెక్కలోంచే పోతుంది. పైగా బరువు ఎత్తుకి చేరితే బండి మలుపుల్లో ఒరుగుతుంది. శ్రీశైలం దోర్నాల ఘాట్‌లోనో అరకు దారిలోనో అది ప్రతి వంకలోనూ తెలుస్తుంది.

కాడి లేచిన బండి

ఎడ్లబండి తోలినవాళ్లకి ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇరుసు వెనక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. అందుకే వడ్ల బస్తాలు ఇరుసుకి అటూ ఇటూ తూకం చూసి వేసేవాళ్లు. కారుకీ అదే సూత్రం. డిక్కీ ఉండేది వెనక ఇరుసుకి ఇంకా వెనక. అక్కడ పెట్టిన బరువు వెనక చక్రాల్ని కిందికి నొక్కడంతో ఆగదు, ముందు చక్రాల్ని పైకి లేపుతుంది. వెనక ఇరుసుకి అర మీటరు వెనగ్గా 150 కిలోలు పెట్టామనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు ఉన్న కారులో ముందు చక్రాల మీద 30 కిలోల బరువు తగ్గిపోతుంది. వెనక చక్రాల మీద 180 కిలోలు పడుతుంది. 

మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. లాగేది అవే, తిప్పేది అవే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేదీ అవే. వాటి మీది పట్టు సడలితే స్టీరింగు తేలికైపోయినట్టు ఉంటుంది. తడి రోడ్డు మీద మలుపు తిప్పితే బండి మలుపు తిరగకుండా కాస్త ఎదురుగా జారుతుంది. పక్క నుంచి గాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా వెనక భాగం ఊగుతుంది. మామూలు రోజుల్లో ఎంత దూరంలో బ్రేకు వేస్తే బండి ఆగుతుందో మన కాలికి అలవాటై ఉంటుంది. బరువున్న రోజు ఆ అలవాటు పనికిరాదు. ముందు బండికీ మనకీ మధ్య రెట్టింపు ఎడం ఉంచాలి. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. ఒట్టి బ్రేకుల మీదే దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

రాత్రిపూట ఇంకొకటి జరుగుతుంది. ముక్కు లేచిన కారు హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. మనం డిమ్‌లోనే ఉన్నా, ఎదురొచ్చేవాళ్లు మాటిమాటికీ లైటు కొట్టి విసుక్కుంటుంటే కారణం ఇదే కావచ్చు. దీనికి మందు కారులోనే ఉంది. చాలా కార్లలో స్టీరింగు కుడిపక్కన, డ్రైవరు మోకాలికి కాస్త పైన, సున్నా నుంచి మూడో నాలుగో అంకెలున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది. అంకె పెంచేకొద్దీ లైటు కిందికి దిగుతుంది. డ్రైవరు ఒక్కడే ఉంటే సున్నా, డిక్కీ నిండితే పెద్ద అంకె. ఏళ్ల తరబడి కారు నడుపుతూ దాన్ని ఒక్కసారి కూడా తిప్పని వాళ్లెందరో. ఎదురుగా బైకు మీద వచ్చే మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

వెనక కుంగుతోందని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకోవడం ఈమధ్య బాగా ఎక్కువైంది. యాక్సెసరీల దుకాణంలో అరగంటలో బిగించేస్తారు, బండి వెంటనే లేచి నిలబడుతుంది. అది నాకు ఏమాత్రం నచ్చని పని. కుంగడమన్నది కారు మనకి చేసే హెచ్చరిక. బఫరు ఆ హెచ్చరికని కనపడకుండా చేస్తుంది. టైరు బలం పెరగదు, బ్రేకు బలం పెరగదు, ఇరుసు బలం పెరగదు. కంపెనీ రాసిన పరిమితి ఒక్క కిలో కూడా ముందుకి జరగదు. ఇంకో బస్తా పెట్టుకునే ధైర్యం మాత్రం మనకి వస్తుంది.

టైరు మీది రెండంకెలు

టైరు పక్క గోడ మీద 155/80 ఆర్13 79టి లాంటి రాత ఉంటుంది. కొలతలు అందరికీ తెలుసు. చివరి 79 గురించి ఎవరూ అడగరు. అది ఆ టైరు మోసే బరువుకి గుర్తు. 79 అంటే 437 కిలోలు, 82 అంటే 475, 85 అంటే 515, 88 అంటే 560. పక్కనున్న అక్షరం వేగానికి: టి అంటే గంటకి 190 కిలోమీటర్లు. టైరు మార్చేటప్పుడు ధర తగ్గుతుందని తక్కువ అంకె ఉన్నది వేయించుకోకూడదు. 

437ని నాలుగుతో గుణిస్తే 1,748. "కారు 1,335 కదా, ఇంకా నాలుగొందల మిగులుంది" అని వాదించేవాళ్లు ఉంటారు. బరువు నాలుగు చక్రాల మీదా సమంగా పడితేనే ఆ మాట నిలుస్తుంది. డిక్కీ బరువు అంతా, ఇంకాస్త కూడా, వెనక రెండింటి మీదే పడుతుందని చూశాం. పైగా ఆ 437 టైరులో ఉండాల్సిన గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గేకొద్దీ మోసే శక్తి తగ్గిపోతుంది. గాలి తక్కువై బరువు ఎక్కువైన టైరు ప్రతి చుట్టుకీ పక్క గోడల దగ్గర నలుగుతుంది. నలిగేకొద్దీ వేడి. రెంటచింతల, రామగుండం ఎండల్లో తారు రోడ్డు ఇచ్చే వేడి దానికి తోడు. ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పేలిపోతుంది. మే నెల మధ్యాహ్నం హైవే పక్కన చీలికలై పడి ఉండే టైరు ముక్కల వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

అమెరికాలో ఇది దేశాన్నే కుదిపేసిన వ్యవహారం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి బిగించినవి. నడుస్తుండగానే టైరు పైపొర ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి. ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి రహదారి భద్రతా సంస్థ తేల్చింది. టైర్ల తయారీలోనే లోపం ఉందని ఫోర్డ్, 26 పీఎస్ఐ గాలి చాలని చెప్పిన ఫోర్డ్‌దే తప్పని ఫైర్‌స్టోన్ వాదించుకున్నాయి. ఎక్కువ ప్రమాదాలు వేడి రాష్ట్రాల్లో, వేసవిలో, హైవే వేగాల్లో జరిగాయి. అదే ఏడాది నవంబరులో అమెరికా కొత్త చట్టం చేసింది. దాని పుణ్యమా అని కార్లలో టైరు గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరైంది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద కనిపించే స్టిక్కరులో ఒక వాక్యం చేరింది: మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదని, పౌండ్లతో సహా.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు రోజూ ఆ స్టిక్కరు పక్కనుంచే ఎక్కి దిగుతారు. అక్కడి మామూలు సెడాన్ల మీద ఆ అంకె 850 పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే 385 కిలోలు. పెద్ద వ్యాన్లకి 1,200 పౌండ్ల చుట్టుపక్కల. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని తీసుకురావడానికి ఐదుగురు వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకి వెళ్లారనుకోండి. తిరుగు దారిలో ఏడుగురు. మనిషికి 150 పౌండ్లు వేసుకున్నా 1,050. అమ్మానాన్నలు తెచ్చిన నాలుగు పెట్టెలు, ఒక్కోటి 50 పౌండ్లు. 50 పౌండ్లు ఎక్కువైపోయింది. ఇంట్లో ఇద్దరు ఆగిపోతే చాలు, అంతా సర్దుకుంటుంది. గుంటూరు నుంచి శంషాబాద్‌కి పిల్లల్ని సాగనంపడానికి బయల్దేరే బంధువులకీ ఇదే మాట. నలుగురు విమానం ఎక్కుతుంటే మనిషికి 23 కిలోలవి రెండేసి చొప్పున పెట్టెలే 184 కిలోలు. చేతి సంచులు వేరే. ఆ సామానుకి ఇంకో బండి మాట్లాడుకోవాల్సిందే.

మన కార్లలోనూ అదే స్తంభం మీద గాలి స్టిక్కరు ఉంటుంది. మామూలు రోజులకి ఒక అంకె, నిండు బరువుకి వెనక టైర్లకి ఇంకాస్త పెద్ద అంకె. పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి "ఎంత పెట్టమంటారు సార్" అని అడిగితే "చూసి పెట్టు" అనకండి. అన్ని కార్లకీ అతను ఒకటే అంకె కొడతాడు. స్టిక్కరు చూసి చెప్పండి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఊళ్లో బయల్దేరే ముందే. అయితే మొత్తం బరువు ఇంత దాటకూడదన్న ఆ వాక్యం మన దగ్గర సాధారణంగా కనిపించదు. ఎందుకు ఉండకూడదు? స్టిక్కరు ఎలాగూ అంటిస్తున్నారు. ప్రకటనల్లో లీటర్లు ఎలాగూ వేస్తున్నారు. పక్కన కిలోలు వేయడానికి కంపెనీలకి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఇది ప్రభుత్వం తప్పనిసరి చేయాల్సిన పని, కొనేవాళ్లు గట్టిగా అడగాల్సిన మాట.

చట్టం అయితే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ఆర్సీలో రాసిన మొత్తం బరువుని దాటి ఏ మోటారు వాహనాన్నీ నడపొద్దంటుంది. 2019 సవరణ తర్వాత అధిక బరువుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపై టన్నుకి 2,000. ఆచరణలో అది లారీలకే పరిమితం.

వెనక సీటు ఆపగలిగినంత

డిక్కీకీ మనకీ మధ్య ఉన్న గోడ వెనక సీటు వీపే. ఆ వీపు ఎంత దెబ్బ ఓర్చుకుంటుందో పరీక్షించడానికి ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వ నంబరు కింద ఒక పద్ధతి ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న దిమ్మెలు రెండు డిక్కీలో పెడతారు. ఒక్కోటి 18 కిలోలు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నప్పుడు పుట్టే కుదుపు ఇస్తారు. సీటు వంగొచ్చు గానీ దిమ్మెలు మనుషుల మీదికి రాకూడదు. మళ్లీ చదవండి: రెండూ కలిపి 36 కిలోలు. మూడు బియ్యం బస్తాలు 78 కిలోలు. ఆ సీటుకి ఆనుకుని కూర్చునేది మన అమ్మానాన్నలు, పిల్లలు.

50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరు పైచిలుకు దూరంలో ఆగిపోతే, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి పదహారు రెట్ల బలంతో ముందుకి వస్తుంది. 26 కిలోల బస్తా నాలుగొందల కిలోలై వీపు మీద పడుతుంది. ఒక లీటరు నీళ్ల సీసా పదహారు కిలోల రాయి అవుతుంది. సెడాన్‌లో కనీసం సీటూ రేకూ అడ్డం. హ్యాచ్‌బ్యాక్‌లు, ఏడు సీట్ల బండ్లలో సీటు వీపు కన్నా ఎత్తుగా పేర్చిన వాటికి ఏ అడ్డూ లేదు. మూడో వరసలో పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ల తలల వెనక అద్దం దాకా సామాను పేర్చడం నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. అది ఇవాళే మానాలి.

గట్టిగా బ్రేకు వేస్తే చాలు, ఢీకొట్టనక్కర్లేదు. పీచు తీసిన కొబ్బరికాయ దొర్లుకుంటూ సీటు కిందుగా వచ్చి బ్రేకు పెడలు కింద ఇరుక్కుంటే తొక్కడానికి చోటుండదు. దొర్లే వస్తువులన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టాలి. బియ్యం, పప్పుల్లాంటి బరువైనవి డిక్కీ నేల మీద, సీటు వీపుకి ఆనించి, అడ్డంగా పడుకోబెట్టాలి. వీపుకి ఆనుకుని ఉన్న బస్తాకి పరుగెత్తి వచ్చి గుద్దే ఎడం దొరకదు, బరువూ ఇరుసుకి దగ్గరగా ఉంటుంది. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు: సూట్‌కేసులు ముందు తోసేసి, ఆఖర్న వచ్చిన బస్తాల్ని డిక్కీ అంచున పెట్టి తలుపు నొక్కుతారు. తేలిక సంచులు, దుప్పట్లు పైన, సందుల్లో. వెనక ఎవరూ కూర్చోకపోయినా ఆ సీటు బెల్టులు పెట్టేసి ఉంచితే సీటు వీపుకి కొంత ఆసరా దొరుకుతుంది. ముక్కోణం బోర్డు, జాకీ, స్పేర్ చక్రం బస్తాల అడుగున పూడిపోకుండా చూసుకోండి. నార్కట్‌పల్లి దగ్గర అర్ధరాత్రి పంక్చరైతే రోడ్డు పక్కన బియ్యం దించుకోవాల్సి వస్తుంది.

కాటా ఎక్కిస్తే

ఇంత లెక్క ఎందుకు, అనుమానం తీర్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. మన పల్లెల్లో రైసు మిల్లుల పక్కన, పత్తి, మిర్చి, ధాన్యం కొనే చోట్ల లారీ కాటా ఉంటుంది. అంతా సర్దుకుని, మనుషులంతా ఎక్కాక కారుని ఆ ఇనుప పలక మీదికి ఎక్కించండి. గాజు కిటికీ వెనకున్న మనిషి కంప్యూటరు మీద ఎర్ర అంకెలు కుదురుకునేదాకా ఆగమంటాడు, తర్వాత చిన్న చీటీ ఇస్తాడు. లారీల కోసం చేసిన కాటా కాబట్టి ఐదు, పది కిలోలు అటూ ఇటూ కావచ్చు. అయినా మన పనికి సరిపోతుంది. ఆ అంకె మాన్యువల్లోని మొత్తం బరువు కన్నా తక్కువ ఉందా, ఎంత తక్కువ? తర్వాత ముందు చక్రాలు పలక దాటేలా కారుని కాస్త ముందుకి తీసి, వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉంచి ఇంకోసారి తూయించండి. వెనక ఇరుసు ఎంత మోస్తోందో తెలుస్తుంది. దాన్ని రెండుతో భాగించి, టైరు మీది అంకె చెప్పే కిలోలతో పోల్చండి. దాదాపు పక్కపక్కనే ఉంటే వెంటనే ఏదో ఒకటి దించాల్సిందే. అక్కడ అయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్ ఖర్చుకి మించదు.

ఒక్కసారి తూయిస్తే చాలు. ఆ తర్వాత వెనక చక్రం మీది సందు ఎన్ని వేళ్లున్నప్పుడు ఎంత బరువుందో కంటికే అందుతుంది. చీటీ వెనక ఆ అంకెలు రాసి గ్లోవ్‌బాక్స్‌లో పెట్టుకుంటే ఇంట్లో కారు నడిపే ఎవరికైనా పనికొస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద అడుగు గీసుకుంటోందంటే, గుంతలో పడ్డప్పుడు 'ధడ్'మని లోపల ఇనుము తగిలిన చప్పుడు వస్తోందంటే మాత్రం కాటా దాకా వెళ్లే అవసరమే లేదు, స్ప్రింగు ఆఖరి దాకా నలిగిపోతోందని అర్థం. పక్కకి ఆపి బరువు తగ్గించుకోవాలి.

ఇక ఆ మూడో బస్తా. నాన్న పండించిందాన్ని వద్దనడం ఎవరికైనా కష్టమే. వాకిట్లో నిలబడి "వద్దు నాన్నా, బరువైపోతుంది" అంటే ఆయన మొహం చిన్నబోతుంది. అలా అనాల్సిన పనీ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీకి కార్గో సర్వీసు ఉంది, బస్టాండులోనే కౌంటరు ఉంటుంది. బయల్దేరే ముందు రోజు నాన్నతో కలిసి వెళ్లి, బరువు తూయించి, డబ్బు కట్టి రసీదు తీసుకోవచ్చు. బస్తా మూతి దబ్బనంతో గట్టిగా కుట్టించండి. మీద పేరు, ఫోను నంబరు చెరిగిపోని సిరాతో, రెండు వైపులా రాయండి.